ఓడల్ని అడ్డగించే రూలు గారికి

అయ్యా,

రూల్‌బుక్కులో మీకు దక్కింది ఒకటిన్నర పేరా. దాంతోనే మొన్న ఆదివారం మధ్యాహ్నాన్ని మొత్తం మింగేశారు.

నెపోలియన్ కాలం యుద్ధాల బోర్డు గేమ్ ఆడటానికి ఏడుగురం కూర్చున్నాం, తలా ఒక దేశం, నాది ఫ్రాన్స్. తులోన్ రేవులో సైన్యాన్ని ఓడలెక్కించి ఈజిప్టుకి బయల్దేరాను. మధ్యధరా సముద్రంలో ఇంగ్లండ్ ఓడలతో మా బావ కాపు కాశాడు. నా అట్టముక్క గీత దాటిందో లేదో, "ఆగు బావా, అడ్డగిస్తున్నా" అని డైస్ వేశాడు. తప్పింది. పక్క గడిలోకి జరిపితే, "పోయేటప్పుడు ఇంకోసారి వేస్తా" అన్నాడు. మీరేమో "శత్రువు ప్రవేశించినప్పుడు" అని రాసి చేతులు దులుపుకున్నారు. పక్క గడిలోకి పోవడం కూడా ప్రవేశించడమేగా అని బావ వాదన. నా పొత్తులో ఉన్న స్పెయిన్ ఓడల్ని నాతో కలిపి లెక్కపెట్టాలా, విడిగానా అన్నది ఇంకో గంట. సముద్రంతో పనిలేని ప్రష్యా సోఫాలో నిద్రపోయింది.

"అసలు మా ఇంగ్లండ్ అడ్మిరల్ నెల్సన్ అంతటివాడికి అన్ని ఓడలు కనపడకుండా పోతాయా?" అన్నాడు బావ. పోయాయి మరి! 1798 జూన్ 22 రాత్రి పొగమంచులో నెపోలియన్ బోనపార్ట్ వందల ఓడలతో ఆయన పక్కనుంచే జారిపోయాడు. నెల్సన్ ఇంకా వేగంగా వెళ్ళి, ఫ్రెంచివాళ్ళ కంటే ముందే అలెగ్జాండ్రియా చేరి, అక్కడెవరూ లేరని వెనక్కి తిరిగాడు. జులై 1న వాళ్ళు తాపీగా దిగారు. అడ్డగించాల్సినవాడే ముందు చేరితే ఏం చేయాలో మీ ఒకటిన్నర పేరాలో లేదు. (ఆగస్టు 1న అలెగ్జాండ్రియా దగ్గర్లోని అబూకీర్‌లో పట్టుకుని, 13 పెద్ద యుద్ధనౌకల్లో రెండే తప్పించుకునేలా చితక్కొట్టాడనుకోండి. ఆ సంగతి నేను బావకి చెప్పలేదు.)

డైస్ పడినవాడైనా సుఖపడ్డాడా? 1805 జులైలో ఇంకో ఇంగ్లండ్ అడ్మిరల్ కాల్డర్ పొగమంచులోనే, ఫ్రాన్స్-స్పెయిన్ ఓడల్ని నడిపిస్తున్న ఫ్రెంచి అడ్మిరల్ విల్నెవ్‌ని అడ్డగించి రెండు స్పానిష్ ఓడలు పట్టాడు. మర్నాడు మళ్ళీ యుద్ధానికి దిగలేదని కోర్టు మార్షల్ పెట్టి చీవాట్లు పెట్టారు.

చివరికి ఓటు పెట్టాం. మూడు, మూడు. ప్రష్యాని తట్టి లేపాం. "నా టర్నా?" అంటూ కళ్ళు తెరవకుండానే డైస్ విసిరింది. ఆరు పడింది. "చూశావా, అదే నా అడ్డగింపు!" అని బావ ఎగిరాడు.

ఆ ఆరు ఎవరి ఖాతాలో రాయాలో వచ్చే ఆదివారం లోపు దయచేసి తెలపగలరు.

ఇట్లు,
రెండు గడుల మధ్య గీత మీద లంగరేసిన
ఫ్రాన్స్