పదహారేళ్ల కుర్రాడికి ఆదివారం ఇవ్వండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు విజయవాడ బెంజి సర్కిల్ మొదలు గుంటూరు బ్రాడీపేట దాకా ఎక్కడ చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. ఆ ఫొటోల్లో ఉన్న పిల్లలు పడ్డ కష్టం చిన్నది కాదు, వాళ్లను మనసారా అభినందిస్తాను. నన్ను కలవరపెట్టేది ఆ ఫ్లెక్సీలకు ఎక్కని కుర్రాళ్ల సంగతి. పదిహేనేళ్లకు హాస్టల్ గేటు లోపలికి వెళ్లి పదిహేడేళ్లకు బయటికి వచ్చే పిల్లవాణ్ణి ఆపి, "ఈ రెండేళ్లలో మార్కుల ఊసెత్తకుండా నీతో పావుగంట మాట్లాడిన పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. నేను అడుగుతూనే ఉంటాను. కాసేపు ఆలోచించి కొందరు తాతయ్య అంటారు, కొందరు హాస్టల్లో వడ్డించే ఆయన అంటారు. ఎక్కువ మంది నేల చూపులు చూస్తారు.

తండ్రులకు పిల్లల మీద ప్రేమ లేదని ఎవరంటారు? తెల్లవారుజామున కొట్టు తెరిచి రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషికి వారాంతపు పరీక్ష మార్కులు మెసేజ్‌గా వస్తాయి. ఫోన్ చేసినప్పుడు మాట అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. లెక్చరరు ముందు అరవై మంది కూర్చుని ఉంటారు, సిలబస్ గడువు ఆయన్నీ తరుముతూ ఉంటుంది. ఒకప్పుడు వీళ్లిద్దరి మధ్య మూడో మనిషి ఒకడు ఉండేవాడు: మేనమామో, బడిలో డ్రిల్లు మాస్టారో, వీధిలో పెద్దన్నయ్యో. అపార్ట్‌మెంట్లలోకి మారాక, బంధువులు పెళ్లిళ్లకే కలుస్తున్న రోజులు వచ్చాక, ఆ మూడో మనిషి లేకుండా పోయాడు. ఆ ఖాళీని ఫోను నింపుతోంది.

నేను విజయవాడ పటమటలో ఉంటాను. కొన్నేళ్లుగా నేనూ మరో ఇద్దరు మిత్రులూ మా చుట్టుపక్కల వీధుల కుర్రాళ్లతో ఆదివారాలు గడుపుతున్నాం. కొండలెక్కుతాం, చదువుల సంగతి మాట్లాడుకుంటాం, ఎవరికైనా పని అవసరమైతే వెళ్లి చేస్తాం. ఈ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఈ మూడు పనులూ ఒకే బృందంతో, అదే పెద్దవాళ్ల వెంట, ఏళ్ల తరబడి సాగాలి. మన ఊళ్లలో వీటిని విడగొట్టి మూడు చోట్ల కొంటున్నాం. సాహసానికి వేసవి శిబిరం, చదువుకు కోచింగ్, సేవకు ఒక సర్టిఫికెట్. మూడు చోట్లా డబ్బు కడతాం గానీ, పిల్లవాణ్ణి ఎరిగినవాడు మాత్రం ఎక్కడా తయారు కాడు.

కొండపల్లి సంగతే చూడండి. ఊరికి ఇంత దగ్గరలో 14వ శతాబ్దం నాటి కోట, దాని చుట్టూ అడవి. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మ ప్రతి ఇంటి అద్దాల బీరువాలోనూ ఉంటుంది. ఆ చెట్టును చూశారా అని అడిగితే మా కుర్రాళ్లలో ఒక్కరూ చూడలేదన్నారు. అటవీ సిబ్బందికి చెప్పి, చలికాలంలో, ఎండ ఎక్కకముందే బయలుదేరుతాం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాళ్లకు బూట్లు, చేతికర్ర. ఫోన్లు సంచిలో ఉంటాయి, అత్యవసరానికి మా దగ్గర ఒకటి ఉంటుంది. మొదటి అరగంట అందరూ ఉరుకులే. ఆ తర్వాత ఊపిరి అందక ఒకడు వెనకబడతాడు. అప్పుడు ముందున్నవాళ్లు ఆగుతారా, ఆగరా? ఆగాలి. అందుకే కొండ మీద మా నియమం ఒక్కటే: అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడే ఆ రోజు ముందు నడవాలి. క్లాసులో మొదటి బెంచీవాడు రాళ్ల మీద తడబడి, వెనక బెంచీవాడి చెయ్యి పట్టుకుని ఎక్కడం నేను చూశాను. మార్కులను బట్టి సెక్షన్లు కట్టే చోట ఆ ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలిసే అవకాశమే ఉండదు.

ఇంకో సంగతి ఈ నడకల్లోనే గమనించాను. ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది నాన్నా, చెప్పు" అంటే ఈ వయసు మగపిల్లవాడు నోరు విప్పడు. పక్కన నడుస్తుంటే, ఇద్దరి చూపూ దారి మీదే ఉంటే, తనంతట తనే మొదలుపెడతాడు. ఫిజిక్స్ అర్థం కావడం లేదనీ, హాస్టల్లో నిద్ర పట్టడం లేదనీ, ఇంట్లో అప్పు సంగతి తనకు తెలుసనీ, బీటెక్ చదవాలని లేదనీ. "బాబాయ్, ఇది మా నాన్నకు చెప్పకండి" అని మొదలైన మాటను, కొన్ని వారాలు పోయాక, ఆ పిల్లవాడే వెళ్లి నాన్నకు చెప్పుకున్నాడు. మేము చేసిందల్లా వినడం, ఎలా మొదలుపెట్టాలో అతనితో కలిసి ఆలోచించడం.

ఈ వయసుకు సాహసం కావాలి. మనం దారి చూపకపోతే వాళ్లే వెతుక్కుంటారు. రాత్రిపూట బైపాస్ మీద ముగ్గురెక్కిన బైకు అలాంటిదే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరుకు బండి ఇచ్చిన పెద్దలకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. చట్టం ఉండాల్సిందే. కానీ ఆ కుర్రాడి ఒంట్లో ఉడుకు జరిమానాతో చల్లారదు, దాన్ని వెళ్లనివ్వడానికి మనం చూపిన చోటు ఏది?

1941లో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, వేల్స్ తీరంలో జర్మన్ విద్యావేత్త కర్ట్ హాన్, కుర్రాళ్లకు సాహస శిక్షణ ఇచ్చే ఔట్‌వర్డ్ బౌండ్ బడిని మొదలుపెట్టాడు. నౌకలు మునిగినప్పుడు బలిష్ఠులైన కుర్ర నావికుల కన్నా వయసు మళ్లినవాళ్లే ఎక్కువగా తట్టుకుంటున్నారని ఆయనకు తోడు నిలిచిన నౌకల యజమాని లారెన్స్ హోల్ట్ నమ్మకం. కుర్రవాళ్లకు లోపించినది కండబలం కాదనీ, కష్టంలో నిలబడిన అనుభవమనీ వాళ్ల ఆలోచన. అంత దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. 2014 మే 25న, రాష్ట్రం విడిపోవడానికి కొద్ది రోజుల ముందు, ప్రభుత్వ గురుకులాల్లో చదువుకుంటున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి కొండ మీద. లక్షల ఫీజులు కట్టిన పిల్లలు కారు వాళ్లు. వాళ్లను నమ్మి, వెంట ఉండి నడిపించిన పెద్దవాళ్లు దొరికారు. గుంటూరు వాళ్లకు కొండవీడు ఉంది. రెడ్డి రాజులు అద్దంకి నుంచి రాజధానిని మార్చుకున్న కొండ అది. దాని మీదికి ఘాట్ రోడ్డులో కారులో వెళ్లి సెల్ఫీ తీసుకుని దిగిపోతున్నాం.

ఈత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కృష్ణ ఒడ్డున పుట్టిన చాలామంది కుర్రాళ్లకు ఈత రాదు. వేసవి వస్తే నదిలోనో, సూర్యలంక బీచ్‌లోనో, కాలువలోనో స్నానానికి దిగిన కుర్రాళ్ల కబురు పేపర్లో చదువుతూనే ఉంటాం. ఈత కొలనులో, శిక్షకుడి దగ్గర ఈత నేర్చుకోనివాణ్ణి మేము నీటి దగ్గరికి తీసుకెళ్లం. ఇందులో ఎవరు బతిమాలినా సడలింపు లేదు.

ఇక చదువు. మాకు చదువు అక్కర్లేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. జేఈఈ మెయిన్‌లో కోత ఉంది. ఏ పరీక్షకు ఎలా కూర్చోవాలో పిల్లలకు కోచింగ్‌లో బాగానే నేర్పుతారు. ర్యాంకు వచ్చాక మాత్రం వాళ్లను నడిరోడ్డు మీద వదిలేస్తారు. రెండేళ్లు నిద్ర మానుకుని తెచ్చుకున్న ర్యాంకును ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో పది నిమిషాల్లో వెబ్ ఆప్షన్లుగా, అంటే మనం కోరుకునే కాలేజీల వరస జాబితాగా, మార్చేస్తారు. నాలుగేళ్ల చదువు ఆ పది నిమిషాల్లో తేలిపోతోంది. కంప్యూటర్ మన జాబితాను పైనుంచి కిందికి చూసి, మన ర్యాంకుకు దొరికే మొదటి సీటును ఇస్తుంది. అందుకే "రాదేమో" అన్న భయంతో ఇష్టమైన కాలేజీని కిందికి నెట్టడం వల్ల లాభం ఏమీ లేదు, నిజంగా కావాల్సినదే పైన పెట్టాలి. ఈ చిన్న సంగతి తెలియక సీటు పోగొట్టుకున్న పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మేము జూన్ రాకముందే కూర్చుని జాబితా రాయిస్తాం. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్టడీ సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేయిస్తాం. చేరాలనుకునే కాలేజీని వెళ్లి చూసి, అక్కడి విద్యార్థులతో మాట్లాడి రమ్మంటాం.

అంతకన్నా ముఖ్యంగా, దారులు ఎన్ని ఉన్నాయో చూపిస్తాం. బొమ్మలు గీసే కుర్రాడికి విజయవాడలోనే 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉందనీ, దానికి జేఈఈ మెయిన్‌లో రెండో పేపరు రాయాలనీ ఎవరూ చెప్పలేదు. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయం ప్రాంగణంలో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ పేరు ఇంట్లో ఎవరూ వినలేదు. బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రాలేదని కుంగిపోయే పిల్లవాడికి 1945 నుంచి ఉన్న బాపట్ల వ్యవసాయ కళాశాల కనబడదు. రైతు కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి కూడా కనబడదు! ఎవరికి ఏది నప్పుతుందో చెప్పాలంటే ఆ పిల్లవాడు దేనికి అలుపు మరిచిపోతాడో మనకు తెలిసి ఉండాలి. మాకు అది కొండ మీద తెలిసింది, దుమ్ములో పనిచేస్తున్నప్పుడు తెలిసింది. మార్కుల జాబితా చూసి తెలుసుకోగలిగేవాళ్లం కాదు. మూడు పనులూ ఒకే చోట ఉండాలని పట్టుబట్టడానికి నా కారణం ఇదే.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దంది, నలుగురిలో అవమానించవద్దంది, చిన్న చిన్న బృందాలకు మార్గదర్శకులనో కౌన్సిలర్లనో కేటాయించమంది. మన కాలేజీల్లో ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో పిల్లలను చేర్పించే ముందు తల్లిదండ్రులు అడగాలి. ఫీజులో రాయితీ అడగడానికి మొహమాటపడం కదా, దీనికి మాత్రం ఎందుకు?

సేవ మాట తలచుకుంటే నాకు 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. నీళ్లున్నన్ని రోజులు మా కుర్రాళ్లను అటు పోనివ్వలేదు, అది శిక్షణ ఉన్నవాళ్లు చేసే పని. నీళ్లు తీశాక పారలూ బకెట్లూ తీసుకుని వెళ్లాం. మోకాలి లోతు బురద, వాసన. మొదటి గంటలో ఇద్దరికి వాంతులయ్యాయి, అయినా వెళ్లిపోతామనలేదు. ఒక ముసలమ్మ ఇంట్లో తడిసిన కాగితాల మూట దొరికితే, తరగతిలో నోరు మెదపడని పేరున్న కుర్రాడు ఒక్కొక్క కాగితం విడదీసి, ఆరబెట్టి, ఏది పట్టా, ఏది పింఛను కాగితం, ఏది మందుల చీటీ అని ఆమెకు చదివి వినిపించాడు. ఆమె "నీ కడుపు చల్లగా ఉండ, నాయనా" అంది. ఆ మాట ఆ కుర్రాడికి ఏం చేసిందో నేను కొలిచి చెప్పలేను గానీ, ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అందరికన్నా ముందు వస్తున్నవాడు అతనే.

కాబట్టే పండ్ల పంపిణీ ఫొటోలంటే నాకు కోపం. ఒక అరటిపండుకు ఆరుగురు చేతులు పెట్టి నిలబడటం వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు, పిల్లవాడు నేర్చుకునేది అంతకన్నా లేదు. కాలేజీ విద్యార్థుల జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్ 1969 నుంచి ఉంది, రెండేళ్లలో 240 గంటల సేవ దాని నియమం. బాధ్యత గల అధికారి ఉన్న కాలేజీల్లో అద్భుతమైన పని జరుగుతుంది. కొన్నిచోట్ల ఆ గంటలు రిజిస్టరులోనే పూర్తవుతున్నాయి. సేవ మొక్కుబడి అని పదహారేళ్లకే పిల్లవాడికి నేర్పితే, రేపు అతను ఏ కుర్చీలో కూర్చున్నా అదే చేస్తాడు.

ఈ పనికి ముందుకు వచ్చే పెద్దలకు ఒక హెచ్చరిక. మంచి మనసు ఒక్కటే సరిపోదు. పిల్లవాడితో ఏ పెద్దవాడూ ఒంటరిగా, తలుపు మూసిన చోట ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ తల్లిదండ్రులకు రాసి ఇవ్వాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలకే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అది పద్దెనిమిదేళ్లలోపు మగపిల్లలకూ అంతే రక్షణ ఇస్తుంది. ఈ నియమాలకు నొచ్చుకునే మనిషిని బృందంలో చేర్చుకోవద్దు, ఎంత పలుకుబడి ఉన్నవాడైనా సరే.

"మరి ఆడపిల్లల సంగతేమిటి?" అని మా అక్క అడిగింది. సరైన ప్రశ్న. వాళ్లకు కొండా లేదు, నదీ లేదు, చాలా ఇళ్లలో వీధి చివరి వరకు నడక కూడా లేదు. నడిపించే మహిళలు ముందుకు వస్తే మా దగ్గరున్న తాళ్లు, మ్యాపులు, ప్రథమ చికిత్స పెట్టెలు అన్నీ పంచుకుంటాం.

ఇక "రెండేళ్లు ఓపిక పట్టండి, బీటెక్‌లో చేరాక ఎన్ని కొండలైనా ఎక్కనివ్వండి" అనే తండ్రులకు ఒక్క విన్నపం. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు ఘాట్లలో పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపిన స్కౌట్లను, ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్ పిల్లలను మీరు చూసే ఉంటారు. మళ్లీ పుష్కరాలు 2028లో. ఇప్పుడు హైస్కూల్లో ఉన్న మీ అబ్బాయి అప్పటికి ఏ ఇంటర్లోనో, డిగ్రీలోనో ఉంటాడు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టడం, తప్పిపోయిన పిల్లవాణ్ణి కంగారుపడకుండా పోలీసు శిబిరానికి చేర్చడం, నీళ్లలో మునుగుతున్నవాడికి తాడు విసరడం, ఇవేవీ ఆ నెలలో నేర్చుకుంటే రావు. ఈ ఆదివారం నుంచి మొదలుపెడితే వస్తాయి. తెల్లవారుజామున అయిదున్నరకు పిల్లవాణ్ణి పంపండి, వీలైతే మీరూ రండి. పదకొండు గంటలకల్లా ఇంటికి చేరుస్తాం. మధ్యాహ్నం నుంచి చదువుకోవచ్చు.