పంపకాలు తెలిసినవాళ్ళకే ఆర్కిడ్ కుండీ

ఆర్కిడ్ మొక్కను చీల్చి రెండు కుండీల్లో పెట్టడం ఎలాగో నేర్పడానికి ఎక్కడెక్కడి నిపుణులో వీడియోలు చేస్తున్నారు. ఒడిశా సరిహద్దులో మన తెలుగువాళ్ళుండే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఉండగా వాళ్ళకెందుకు ఈ శ్రమ? చీలికల్లో మనకున్నంత అనుభవం ఇంకెవరికుంది? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీలో ఊరితో సహా కొంత ఒరిస్సాకు, మిగతాది మద్రాసుకు పంచేశారు. 1992 అక్టోబరు 2న గంజాం జిల్లా నుంచి గజపతి, కోరాపుట్ జిల్లా నుంచి రాయగడ విడిపోయాయి. మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నం వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్ళ శ్రీకాకుళం జిల్లాలోంచి 2022లో పాలకొండ లేచి పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. కాబట్టి ఆర్కిడ్ కుండీల పంపకం బాధ్యతను సరిహద్దు తెలుగువాళ్ళకే అప్పగించాలని సంబంధిత అధికారులకు మనవి.

చిక్కల్లా ఒక్కటే. ఆర్కిడ్‌కు మన పద్ధతి పడదు. విడదీసిన ప్రతి పాయకూ మూడు నాలుగు బల్బులు, అంటే తిండీ నీళ్ళూ దాచుకునే ఉబ్బిన కాడలుండాలి, సొంత వేర్లుండాలి, ముందువైపు మొలకెత్తే కన్నుండాలి. అంటే వేరుపడేవాడికి తిండీ నీళ్ళూ మూటగట్టి, రేపటి ఏర్పాటు కూడా చేసి పంపాలన్నమాట! మన దగ్గర ఇంత ఖర్చు పెట్టుకుని ఎవరైనా పంచారా? ఒక బోర్డు, ఒక రిబ్బను, ఒక అద్దె భవనం చాలదూ?

కాట్లేయా అనే ఆర్కిడ్ పెంచేవాళ్ళది మరీ చోద్యం. వాళ్ళు మొక్కను కుండీలోంచి తియ్యకుండానే, బల్బుల్ని కలిపే అడ్డకాండానికి కత్తిగాటు పెట్టి అలాగే వదిలేస్తారు. వెనకున్న పాత బల్బులకు కొత్త పిలక వచ్చేదాకా నెలల తరబడి ఆగుతారు. అది నిలదొక్కుకున్నాకే వేరే కుండీ. వెనకబడ్డవాడు లేచేదాకా ఆగి పంచడం! ఈ మర్యాద గిడుగు రామమూర్తి గారికి దక్కలేదు. దశాబ్దాలు పర్లాకిమిడిలో ఉండి, పాఠాలు చెప్పి, సవరల భాషకు అంత సేవ చేసిన మనిషి. ఊరు ఒరిస్సాలో కలవడంతో డెబ్బై దాటిన వయసులో నిరసనగా రాజమండ్రి వెళ్ళిపోయారు. అడ్డకాండానికి ముందుగా గాటు పెట్టి ఆగుదామని సరిహద్దు గీసిన ఆనాటి సంఘాల్లో ఎవరికీ తోచినట్టు లేదు.

అంత ఓపిక మనకు ఎలాగూ లేదు గనక, గబగబా పెరిగే జాతిని ఎంచుకోవడమే మార్గం. మొదటి ఓటు డెండ్రోబియం సంకరజాతులకు. మన ఎండకూ ఉక్కకూ తట్టుకుంటాయి, బాగా సాగితే ఏడాదిలో ఒకటికి మించి కొత్త కాడలు తోస్తాయి. ఆకు రాలిన ముసలి కాడ దండగ అని కోసెయ్యకండి. దాచుకున్న తిండీ నీళ్ళూ దాన్లోనే ఉంటాయి. ఇంట్లో పింఛను తీసుకునే పెద్దవాళ్ళున్నవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. తర్వాత ఒన్సీడియం, రెల్లు కాడల ఎపిడెండ్రం. కుండీలో మట్టికి బదులు వేసే బొగ్గు ముక్కలూ కొబ్బరి డొక్కలూ వెతికే తీరిక లేనివాళ్ళకు స్పాథోగ్లాటిస్ ఉంది, నేలలోనే గుంపు కట్టేస్తుంది.

సింబీడియానికి చల్లని రాత్రులు కావాలట. మే నెలలో పర్లాకిమిడి వచ్చి అడగమనండి! కోరాపుట్ కొండల మీదివాళ్ళు కావాలంటే ప్రయత్నించుకోవచ్చు. పాఫియోపెడిలం పంచినా పెరగడానికి తొందరపడదు, దాన్ని వదిలెయ్యండి. విత్తనం సంగతి అసలే ఎత్తకండి. దుమ్ములాంటి ఆ గింజలో దాచుకున్న తిండే ఉండదు. అడవిలో బూజు సాయం కావాలి, లేదంటే 1922లో నడ్సన్ అనే శాస్త్రవేత్త చూపించినట్టు సీసాలో పంచదార మేత పెట్టాలి. పువ్వు చూసేసరికి ఏళ్ళు గడుస్తాయి.

ఇక వాండా, ఫెలనాప్సిస్. ఇవి ఒంటి కాండం మీద పైకే పోతాయి, పక్కకు పాకవు. పంచుదామంటే మామూలుగా పంచడానికేమీ ఉండదు. వాండా బాగా పొడుగై, పైభాగానికి గాలివేర్లు వస్తే తల కోసి నాటొచ్చు, అంతే. మా వీధిలో తెలివైనవాళ్ళంతా వాండాలే పెంచుతారు. "వదినా, ఒక్క పిలక ఇవ్వవూ" అని ఎవరైనా గుమ్మంలో నిలబడితే, "దీనికి పిలకలు అంతగా రావమ్మా" అని నిజమే చెప్పి పంపొచ్చు. డెండ్రోబియం ఉన్న ఇల్లాలికి ఆ సుఖం లేదు. అబద్ధం ఆడాలి, లేదా కత్తి తియ్యాలి. అలాగని కొండకు పోయి చెట్టు మీది వాండాను పీక్కొచ్చేవాళ్ళున్నారు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ జాబితాలో, అంటే అరుదైన మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం జాబితాలో ఉంది, సరదాకి పీకే సరుకు కాదు. పీకి తెచ్చినవి చాలావరకు పెరట్లో బతకవు కూడా.

కత్తి తీసేవాళ్ళకు రెండు మాటలు. కొత్త పిలక అడుగున వేర్లు పచ్చగా తొంగిచూస్తున్నప్పుడే కొయ్యాలి. పంచాంగం చూసి కాదు, ప్రారంభోత్సవానికి మంత్రిగారి డేటు చూసి అసలే కాదు. మొక్క మొక్కకూ మధ్య కత్తిని మంట మీద కాల్చాలి, లేకపోతే ఒకదాని వైరస్ ఇంకోదానికి అంటుతుంది, దానికి మందు లేదు. కోశాక కొన్నాళ్ళు నీడన ఉంచి, నీళ్ళు తక్కువ పోసి, ఊగకుండా పుల్లకు కట్టి వదిలెయ్యాలి. వేరు పట్టిందో లేదో చూద్దామని వారం వారం పైకి లాగి సమీక్షా సమావేశం పెట్టే అధికారం ఎవరికీ లేదు, కలెక్టరు గారికైనా సరే.