పదమూడు సున్నాలు కొట్టండి మేడమ్!

ఇప్పుడే ఆన్‌లైన్ శిక్షణ తరగతి నుంచి బయటపడ్డాను. బయటపడడం అంటే లేచి ఎక్కడికో రావడం కాదు, ఫోను పక్కన పడేయడమే. కాసేపు ఆగి రాస్తే మర్యాదగా రాస్తానేమోనని భయం వేసి, వెంటనే రాస్తున్నాను.

మా శాఖా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ ఆన్‌లైన్‌లోకి ఎక్కించాలి. మంచిదే. కంప్యూటర్‌కు దూరం నుంచే దండం పెట్టి పారిపోయే మనిషిని కాదు నేను. ఎక్కిస్తూనే ఉన్నాను. ఈ రోజు ఐఎస్‌బీఎన్ గురించి, అంటే పుస్తకాలకిచ్చే పదమూడంకెల గుర్తింపు సంఖ్య గురించి, ఒక్క సందేహం అడిగాను. "ఐఎస్‌బీఎన్ లేని పుస్తకాన్ని ఎలా ఎక్కించాలండీ? ఆ గడి నింపకపోతే ముందుకు కదలడం లేదు." శిక్షణ ఇస్తున్న అబ్బాయి నవ్వుతూ చెప్పాడు: "చాలా సింపుల్ మేడమ్. పదమూడు సున్నాలు కొట్టండి."

కొట్టాను. ఎక్కింది. రెండో పుస్తకానికీ కొట్టాను. "ఈ పుస్తకం ఇప్పటికే నమోదైంది" అంది. అదే మాట ఆయనకు చెప్పాను. "అయితే చివర సున్నా తీసి ఒకటి పెట్టండి. తర్వాత దానికి రెండు, ఆ తర్వాత మూడు. మా పాప రెండో తరగతి, తను కూడా చేసేస్తుంది మేడమ్. భయపడకండి!"

జిల్లా అంతా నవ్వింది. గడులు గడులుగా నవ్వింది. మ్యూట్‌లో ఉన్నవాళ్ళ పళ్ళు కూడా లెక్కపెట్టవచ్చు, అంత స్పష్టంగా నవ్వింది.

భయమట! నాయనా, ఆ చివరి అంకె మన ఇష్టం వచ్చినట్టు పెట్టేది కాదు. ముందున్న పన్నెండు అంకెలను లెక్కకట్టి తేల్చే తనిఖీ అంకె అది. ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే పట్టుకోవడానికే దాన్ని పెట్టారు. ఈ సంగతి లైబ్రరీ సైన్స్ చదివిన ఎవరికైనా తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం తెలియదు, ఏది పెడితే అది మింగుతుంది. ఐఎస్‌బీఎన్ పుట్టిందే 1970 ప్రాంతంలో. పదమూడు అంకెలైంది 2007లో. మా బీరువాల్లో సగం పుస్తకాలు దానికంటే వయసులో పెద్దవి. వాటికి ఆ అంకె లేకపోవడం నా చేతకానితనం ఎలా అయిందో ఆ రెండో తరగతి పాపనే అడగాలి.

అన్నట్టు, ఈ రోజు శుక్రవారం. మాకు వారానికి ఉన్న ఒకే ఒక్క సెలవు. ఆదివారం ప్రపంచమంతా నిద్రపోతుంటే మేము తలుపులు తీసి పేపర్లు సర్దుతాం కాబట్టి శుక్రవారం సెలవిచ్చారు. శిక్షణలన్నీ ఏ రోజున పెడతారో ఇక నేను చెప్పక్కర్లేదు. "పాఠకులకు ఇబ్బంది కలగకుండా మేడమ్" అంటారు. పాఠకుల మీద ఎంత ప్రేమో!

సరే, రెండో తరగతి పాప చేసే పని ఎలా ఉంటుందో వినండి. మొన్న ఒక హరికథ పుస్తకం చేతికొచ్చింది. అట్ట ఎప్పుడో పోయింది, కుట్టు దారం వదులైంది. లోపలి పేజీలో సంవత్సరం ఉండాల్సిన చోట "ప్రభవ సం॥" అని ఉంది. వెల ఆరణాలు. సాఫ్ట్‌వేర్‌కు సంవత్సరం నాలుగంకెల్లో కావాలి. ప్రభవ అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. 1867లో వచ్చింది, 1927లో వచ్చింది, 1987లో వచ్చింది. ఏ ప్రభవ ఇది? 1957లో నయాపైసలు వచ్చాక ఆరణాల వెల ఎవరూ వేయలేదు కాబట్టి 1987 కాదు. 1867 ఎందుకు కాకూడదు? చివరి పేజీలో గ్రామఫోను ప్లేట్ల ప్రకటన ఉంది కాబట్టి. అంటే 1927. ఇదంతా వరండాలో పేపరు కోసం ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకుంటూ ఉండగా, నేను నిలబడి తేల్చిన సంగతి. తర్వాత వెల గడి. ఆరణాలంటే ముప్పై ఏడున్నర పైసలు. ఆ గడి అరపైసను ఒప్పుకోదు. ముప్పై ఎనిమిది అని కొట్టి, ఎప్పుడో పోయిన ఆ ప్రచురణకర్తకు అరపైస లాభం చేసిపెట్టాను.

ఇంత చేసి "సేవ్" నొక్కితే ఐఎస్‌బీఎన్ అడిగింది.

రచయిత పేరు సంగతి ఇంకా బాగుంటుంది. మొదటి పేరుకో గడి, చివరి పేరుకో గడి. చివరి పేరు తప్పనిసరి. మనకు ఇంటిపేరు ముందే వస్తుందని, కొందరికి అసలు ఇంటిపేరుతో పని లేదని ఆ గడులు గీసినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేరు. వేమనకు చివరి పేరేమిటండీ అని అడిగితే చుక్క పెట్టమన్నారు. పెట్టాను. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు అని, ఎవరు ఏ పేరుతో వెతికినా పుస్తకం ఒకచోటే దొరకాలని మాకు చదువుకునే రోజుల్లోనే నూరిపోశారు. పక్క మండలంలో మొదటి పేరు "శ్రీ", చివరి పేరు "శ్రీ" అని ఎక్కించారు. నవ్వకండి. ఎక్కించిన అమ్మాయి పొరుగు సేవల ఉద్యోగి, జీతం నెలనెలా వచ్చే రాత ఆమెకు లేదు, లైబ్రరీ సైన్స్ ఆమె చదవలేదు. చదివినవాళ్ళను వేయాల్సిన పోస్టు ఖాళీగానే ఉంది. ఆమెను ఏమంటాం?

దారి మళ్ళుతున్నానని తెలుసు. మళ్ళనివ్వండి. ఎందుకంటే ఈ పేర్ల గోల ఒకప్పుడు మా లైబ్రరీలో లేదు. "శ్రీశ్రీ: చూడు శ్రీరంగం శ్రీనివాసరావు" అని ఒక్క కార్డు పెట్టేవారు, అయిపోయేది.

ఆ కార్డులు ఏమయ్యాయో చెబుతాను.

మా లైబ్రరీలో టేకు కేటలాగు బీరువా ఒకటి ఉండేది. వరసలు వరసలుగా చిన్న సొరుగులు. ప్రతి సొరుగులో కార్డుల అడుగు చిల్లుల్లోంచి పోయే ఇత్తడి కడ్డీ, ఎవరూ కార్డు లాగేయకుండా. నాకు ముందు పనిచేసిన ఆయన, ఆయనకు ముందు పనిచేసిన ఆయన, సిరా కలంతో గుండ్రటి అక్షరాల్లో రాసిన కార్డులు. రచయితకో కార్డు, పుస్తకం పేరుకో కార్డు, విషయానికో కార్డు. ఎడమ మూలన 894.827 అని, పుస్తకాలను విషయాలవారీగా విడదీసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికిచ్చిన అంకె. పుస్తకం పేరు సగమే గుర్తున్నా, రచయిత పేరు తప్పు చెప్పినా వెతికి తీసేవాళ్ళం.

మొదటిసారి కంప్యూటర్ వచ్చినప్పుడు (అవును, ఇది మొదటిసారి కాదు, విప్లవాలు మాకు వాయిదాల పద్ధతిలో వస్తాయి) కాంట్రాక్టు మనుషులు వచ్చి ఆ కార్డులు చూసి టైపు చేశారు. చేసిన మర్నాడే ఒక అధికారి వచ్చి "కంప్యూటర్‌లో ఉన్నాక ఈ కట్టెలెందుకు, జాగా దండగ" అన్నారు. బీరువా పాత సామాను వేలంలో పోయింది. కార్డులు తూకానికి పోయాయి. అవి పోయినందుకు ఎంత వచ్చిందో రసీదు కూడా చూశాను. ఆ డబ్బుతో ఇవాళ ఒక నిఘంటువు రాదు.

ఆ బీరువా ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉంది. హార్డ్‌వేర్ దుకాణంలో. సొరుగుల్లో మేకులు, మరలు పోసుకున్నారు. ముందు వైపు చిన్న ఇత్తడి చట్రంలో "క - గ" అన్న చీటీ ఒకటి చిరగకుండా అలాగే ఉంది. దుకాణం ఆయనకు ఏ సైజు మర కావాలన్నా టక్కున దొరుకుతుంది. ఊళ్ళో వెతుకులాట సక్రమంగా నడుస్తున్న ఒకే ఒక్క సంస్థ అది.

మరి ఆ టైపు చేసిందంతా ఏమైంది? అను అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టారు. ఆ కంప్యూటర్ చచ్చిపోయింది. ఫైలు పెన్‌డ్రైవ్‌లో బతికింది. తెరిస్తే డాలరు గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య ప్రశ్నార్థకాలు. డీటీపీ చేసేవాళ్ళకు ఈ బాధ చెప్పక్కర్లేదు. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు అక్షరాల్లాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాడాను కూడా. ఒత్తులు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట పడ్డాయి. ఇవాళ తరగతిలో అదీ అడిగాను, "పాత ఫైలు నేరుగా ఎక్కించే వీలుందా" అని. "యూనికోడ్‌లో ఉంటే క్షణంలో ఎక్కుతుంది మేడమ్." యూనికోడ్‌లో ఉంటే! కార్డులు ఉంటే నేను నిన్ను అడిగేదాన్నే కాదు నాయనా.

కాబట్టి ఇప్పుడు అరలో నుంచి ఒక్కో పుస్తకం దించి, దుమ్ము దులిపి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తున్నాను. అదీ లాగిన్ దయ తలచినప్పుడు. లాగిన్‌కు ఓటీపీ కావాలి. ఓటీపీ మా పాత లైబ్రేరియన్ గారి ఫోనుకు వెళుతుంది. ఆయన రిటైరై అమెరికాలో కూతురి దగ్గర ఉన్నారు. నేను పొద్దున ఎనిమిదింటికి తలుపు తీసేసరికి అక్కడ రాత్రి. పాపం పెద్దాయన, మందులు వేసుకుని పడుకునే ముందు ఒకసారి ఫోను చూసి అంకెలు పంపిస్తారు. నంబరు మార్చమని అర్జీ పెట్టాను. అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. పెట్టడానికి లాగిన్ కావాలి.

ఇంటర్నెట్ ఎవరిదనుకున్నారు? నా ఫోనుదే. లైబ్రరీ కనెక్షన్ బిల్లు కట్టక పోయింది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు "వైఫై పాస్‌వర్డ్ ఏమిటి మేడమ్" అని అడుగుతారు. బంగారు పిల్లలు. తలుపు తీయక ముందే మెట్ల మీద ఉంటారు, సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకుంటారు, మా కుర్చీ, మా ఫ్యాను ఉంటే చాలు. గ్రంథాలయోద్యమం వాళ్ళకు కంఠతా వచ్చు, బిట్టుగా. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఎప్పుడు? 1914, బెజవాడ. పితామహుడు? అయ్యంకి వెంకటరమణయ్య. పడవ గ్రంథాలయం? 1935, పాతూరి నాగభూషణం. కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన జాతి మనది. ఇప్పుడు నా సిగ్నల్ కిటికీ దాటి లోపలికి రాదు.

డబ్బు లేదంటారు. ఎందుకు లేదు? 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మీరు కట్టేశారు. కుళాయి రాలేదని, చెత్తబండి రాలేదని ఫోను చేసి అరిచే మీరు, లైబ్రరీకి కట్టిన పైసలు ఏమయ్యాయని ఎప్పుడైనా అడిగారా? వసూలు చేసేది స్థానిక సంస్థ. లైబ్రరీలకు జమ చేయాల్సిందీ అదే. మా ఊళ్ళో ఆ జమ దగ్గరే బండి ఆగిపోతుంది. బకాయి అని ఏటా ఒక కాగితం వస్తుంది, దాన్ని ఫైలులో పెడతాం. ఆ ఫైలును కూడా ఆన్‌లైన్ చేయమంటే ఆనందంగా చేస్తాను, ఐఎస్‌బీఎన్ అడగకపోతే.

సాఫ్ట్‌వేర్ తప్పని నేననడం లేదు. ఎవరిని అడిగి కుట్టారన్నదే నా గొడవ. కోహా అని ఒక లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రపంచమంతా ఉచితంగా వాడుతోంది. ఏ మహానగరంలోనూ పుట్టలేదది. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతం లైబ్రరీలవాళ్ళు, 2000 సంవత్సరం వస్తే తమ పాత వ్యవస్థ పనికిరాదని, తమకేం కావాలో తామే చెప్పి చేయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టి, అందరూ వాడుకోండని వదిలేశారు. అక్కడ లైబ్రేరియన్ చెప్పారు, ప్రోగ్రామర్ విన్నారు. ఇక్కడ పెళ్ళికూతురి ఊసే లేకుండా కొలతలు తీసి జాకెట్టు కుట్టేసి, పట్టకపోతే ఆమెనే తిడుతున్నారు.

పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాసి పెట్టారు. ఆగస్టు 12న, ఆయన జయంతి పేరుతో, ఆయన ఫొటోకు దండ వేసి, వేసిన దండను మూడు కోణాల్లో ఫొటో తీసి, ఆన్‌లైన్‌లో ఎక్కించమంటారు. అది మాత్రం ఒక్క నొక్కుకే ఎక్కుతుంది. ఓటీపీ కూడా అడగదు.

మొన్న సాయంత్రం ఒక రిటైర్డ్ మాస్టారు ఒక పుస్తకం కోసం వచ్చారు. పుస్తకం నా చేతిలో ఉంది. ఆన్‌లైన్‌లో ఇంకా ఎక్కలేదు కాబట్టి ఇవ్వకూడదని కొత్త ఉత్తర్వు. ఇష్యూ రిజిస్టరు తీసి, పేరు రాసి, తారీఖు ముద్ర కొట్టి ఇచ్చేశాను. మెమో ఇస్తారట. ఇవ్వనీయండి. కాగితం మీద ఇస్తే భద్రంగా దాచుకుంటాను.

ఇక కింద ఏ వ్యాఖ్యలు వస్తాయో తెలుసు. "మీది హాయైన ఉద్యోగం కదండీ, కూర్చుని చదువుకోవచ్చు" అనే బంధువర్గానికి ముందే నమస్కారం. "ఈ కాలంలో లైబ్రరీలెందుకు, అన్నీ ఫోనులో దొరుకుతాయి" అనేవారు, ఆ ప్రభవ నాటి హరికథ ఫోనులో వెతికి నాకు లంకె పంపండి. ఆ పుస్తకం పేరు చెప్పలేదు కాబట్టి ఇప్పటికే ఒకరు "పేరు చెప్పండి, పీడీఎఫ్ ఉంటే పెట్టండి మేడమ్" అని టైపు చేస్తూ ఉంటారు. మా లైబ్రరీ ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచే ఉంటుంది. వచ్చి చదువుకోండి. పీడీఎఫ్ అడిగినవాళ్ళను మాత్రం బ్లాక్ చేస్తాను, అది ఎలా చేయాలో నాకు ఏ శిక్షణా అక్కర్లేదు.