పిల్లల నొప్పికి కూడా కేస్ షీట్ మీద ఒక గడి పెట్టండి

"ఏం కాదు బిడ్డా, చీమ కుట్టినట్టే ఉంటది." మన దవాఖానల్లో పిల్లలు వినే మొదటి అబద్ధం ఇదే. సూది దిగుతుంది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, "ఊకో, అయిపోయింది" అంటారు. కొంచెం పెద్ద పోరడైతే "మగపిల్లగానివి, ఏడుస్తవా?" అని చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఇంటికొచ్చాక అన్నం తినకపోతే అదే సూది పేరు చెప్పి బెదిరిస్తాం. దీని మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది.

జ్వరం వస్తే థర్మామీటర్ పెడతారు, బరువు చూస్తారు. నొప్పి ఎంత ఉందో అడిగేవాళ్లు లేరు, చీటీ మీద రాసేవాళ్లు లేరు.

మా అక్క బిడ్డకు మూడేళ్లప్పుడు మరుగుతున్న పప్పుచారు తొడ మీద పడింది. పాలమూరు వైపు ఒక దవాఖానలో రోజు విడిచి రోజు కట్టు మార్చేవాళ్లు. ఎండి పుండుకు అతుక్కున్న గుడ్డను లాగుతుంటే ఇద్దరు చేతులు, ఒకరు కాళ్లు అదిమి పట్టుకునేవాళ్లు. ముందు నొప్పికి మందేమైనా ఇచ్చారా అని అక్క అడిగితే, "చిన్నపిల్లనే కదమ్మా, రేపటికి మరిచిపోతది" అన్నారు. మరిచిపోలేదు. ఆటో దవాఖాన సందులోకి తిరగగానే అక్క కొంగు పట్టుకుని వణికేది. కొన్నాళ్లకు ఏడుపు కూడా మానేసింది. "అలవాటైంది, మంచిగైంది" అని అక్కడివాళ్లు సంతోషపడ్డారు! నొప్పి చాలా రోజులు ఉంటే పిల్లలు ఏడవడం మానేస్తారు, ఆట మానేస్తారు, ముడుచుకుని పడుకుంటారు. అరవడం లేదు కాబట్టి నొప్పి లేదని ఎట్లా అనుకుంటాం?

ఈ "మరిచిపోతారు" అన్న మాట ఒక్క మన దగ్గరే పుట్టింది కాదు. 1980ల దాకా పెద్ద పెద్ద దేశాల్లోనే నెలలు నిండని పసికందులకు ఆపరేషన్ చేసేటప్పుడు చాలాచోట్ల కదలకుండా ఉండే మందు ఇచ్చి, మత్తు మాత్రం నామమాత్రంగా ఇచ్చేవాళ్లు. వాళ్లకు నొప్పి తెలియదని, గట్టి మత్తు తట్టుకోలేరని నమ్మకం. దాన్ని కదిలించినవాళ్లలో మన దేశంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్ ముఖ్యుడు. నొప్పి తగ్గించే ఫెంటానిల్ కూడా కలిపి ఇచ్చిన పసికందులు ఆపరేషన్‌ను మెరుగ్గా తట్టుకున్నారని, తర్వాత ఇబ్బందులు కూడా తక్కువ వచ్చాయని 1987లో ఆయన బృందం చూపించింది. గుర్తుండదన్న మాటకు జవాబు 1997లో టొరంటో నుంచి వచ్చింది. పుట్టగానే సున్తీ చేసేటప్పుడు మొద్దుబారే క్రీమ్ రాయని పిల్లలు, నెలల తర్వాత టీకా వేసినప్పుడు క్రీమ్ రాసిన పిల్లలకంటే ఎక్కువ బాధపడ్డారు. మాటలు రాని వయసులోని నొప్పి కూడా ఒంట్లో మిగిలే ఉంటుంది.

మాటలు రాని పిల్లల నొప్పి ఎట్లా తెలుస్తుంది అంటారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకుంటుందా లేదా, ఈ ఐదూ చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేసే పద్ధతి ఉంది. పేరు ఫ్లాక్. కొంచెం పెద్ద పిల్లలకు నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలు చూపిస్తే వాళ్లే వేలు పెట్టి చెబుతారు. మిషన్ అక్కర్లేదు, కరెంట్ అక్కర్లేదు.

నర్సమ్మల మీద నాకు కోపం లేదు. వార్డు నిండా పిల్లలుంటే ఒక్కరు ఎటని చూస్తారు? కానీ కట్టు విప్పే ముందే, టైమ్ చూసుకుని, బరువును బట్టి నొప్పి మందు ఇవ్వడానికి కొత్త స్టాఫ్ అక్కర్లేదు. పెద్ద కాలిన గాయాలకు అది సరిపోదు, కెటమిన్ లాంటి మత్తు మందులు కావాలి, అవి డాక్టర్లు చూసుకోవాలి. క్యాన్సర్ పిల్లలకు గట్టి నొప్పి మందు మార్ఫిన్ ఇవ్వాలంటే ఇంకా భయమే. 1985 మత్తుమందుల చట్టంతో దొరకడమే కష్టమైంది. 2014లో చట్టం సవరించి దారి సులువు చేశారు. భయం మాత్రం అట్లనే ఉంది.

నల్లగొండ వాళ్లకు నొప్పి గురించి ఒకరు చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంగిపోయిన పిల్లల ఫోటోలు దేశమంతా చూసింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషం. కానీ వంగిన ఎముక మళ్లీ నిటారుగా కాదు. ఫోటోలు తీసినవాళ్లు ఎందరో, రాత్రిపూట కాళ్లు గుంజుతుంటే ఈ పిల్లకు ఏం మందు ఇస్తున్నారు అని అడిగినవాళ్లు ఎందరు?

అసలు బాధ ఇక్కడే ఉంది. అడగగలిగినవాళ్ల పిల్లలకు ఎంతో కొంత దొరుకుతుంది. ఒకరోజు కూలి పోగొట్టుకుని కల్వకుర్తి నుంచో దేవరకొండ నుంచో వచ్చిన తల్లి, అమ్రాబాద్ అడవిలోని పెంట (చెంచుల గూడెం) నుంచి దిగొచ్చిన చెంచు తండ్రి, డాక్టర్ సాబ్ ముందు నోరు తెరవాలంటేనే జంకుతారు. వాళ్ల తరఫున పద్ధతే మాట్లాడాలి.

బుధవారం టీకాకు పోయే తల్లులారా, బిడ్డను మంచం మీద పడుకోబెట్టకండి. ఒళ్లో పెట్టుకుని పాలిస్తూనే సూది వేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ఈ మాట చెప్పిందని ఏఎన్ఎం అక్కకు చెప్పండి. ఒకేసారి రెండుమూడు సూదులుంటే ఎక్కువ నొప్పి పుట్టేది చివరికి వేయమనండి. కట్టు మార్చడానికి పిలిస్తే, "నొప్పి మందు ఇచ్చి ఎంతసేపైంది?" అని అడిగాకే బిడ్డను లోపలికి తీసుకుపోండి.

జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఒక్కటే. పిల్లల వార్డు కేస్ షీట్‌లో జ్వరం గడి పక్కన నొప్పికి ఒక గడి గీయించండి, ప్రతి షిఫ్టులో అది నింపించండి. ఎక్కువ అని రాసిన పిల్లకు ఆ రోజు ఏం మందు ఇచ్చారో పక్కనే రాయించండి.