పులి వేషానికి మనిషి కావలెను

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో, నల్లమల మొదలయ్యే చోట, కొత్త ఫ్లెక్సీ ఒకటి వెలిసింది. ‘ప్లాస్టిక్ రహిత అడవి మనందరి బాధ్యత’ అని దాని సందేశం. కట్టించిన పెద్దలెవరైతేనేం, సందేశం పావు వంతు, మొహాలు ముప్పావు. ఫ్లెక్సీ దేంతో చేస్తారో మీకు నేను చెప్పాలా? పక్కనే నిరుటి ఫ్లెక్సీ చినిగిపోయి చెట్టుకొమ్మకు వేలాడుతోంది. దాంట్లో మొహాలన్నీ వెలిసిపోయాయి గానీ ‘ప్లాస్టిక్’ అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

2022 జులై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం. మన ఫ్లెక్సీ మందమెంతో నేను కొలవలేదు. 100 దాటే ఉంటుంది లెండి. చట్టబద్ధమైన చెత్త అన్నమాట.

ఇంత చిత్తశుద్ధి చూశాక ఊరుకోలేక, బాధ్యతాయుత అటవీ పర్యటన మీద బహుళ మాధ్యమ ప్రచార ప్రణాళిక ఒకటి నేనే తయారుచేశాను. ఈ నల్లమలలోనే ఉన్న 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కు ఇది నా ఉచిత కానుక. బిల్లు మాత్రం ఏజెన్సీ పేరు మీద పెట్టుకోవచ్చు.

ముందుగా రీల్స్. లక్షల్లో ఫాలోవర్లున్న కుర్రాణ్ణి ఫర్హాబాద్ వ్యూపాయింట్‌కి తీసుకెళ్లి డ్రోన్ ఎగరేయిస్తాం. అది లోయంతా రొద పెడుతుంటే ఇతను గొంతు తగ్గించి, ‘ఫ్రెండ్స్, అడవిలో సైలెన్స్ మెయింటైన్ చేద్దాం’ అంటాడు. ఉత్త సైలెన్స్‌కి వ్యూస్ రావు కనక వెనకాల డీజే బీటు. హారన్ కొట్టవద్దని ఎఫ్ఎంలో జింగిల్ ఉంటుంది, అది హారన్ మోతతోనే మొదలవుతుంది. నిబంధనలన్నీ క్యూఆర్ కోడ్‌లో పెడతాం. అడవిలో సిగ్నల్ రాదంటారా? అది వేరే శాఖ చూసుకుంటుంది.

వీటన్నిటికీ తలమానికం మస్కట్. పులి మస్కట్, అంటే ప్రచారానికి గుర్తుగా తిరిగే బొమ్మపులి వేషం. దాని ఆవిష్కరణ సభ నా కళ్లకు కట్టినట్టుంది.

సభ అడవిలోకి దారితీసే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర, పొద్దున పది గంటలకు. ముఖ్య అతిథి ఒంటిగంటకు వస్తారు. పీర్ల పండక్కి పులి వేషం కట్టే కుర్రాణ్ణి పిలిపించి, ఒంటికి రంగు పూసుకుంటానంటే వద్దని, బెంగళూరు నుంచి తెప్పించిన స్పాంజి పులిలోకి దూర్చారు. ఏప్రిల్ ఎండ. లోపల్నించి ‘అన్నా, నీళ్లు’ అని వినబడుతూనే ఉంది కానీ పులి నోట్లోంచి సీసా పట్టడం ఎలాగో ఎవరికీ తోచడం లేదు. మూడు వందల మంది బడిపిల్లలు ఎండలో బారులు తీరారు. చేతిలో ప్లకార్డు, దానికి ప్లాస్టిక్ పుల్ల. ఇంతలో పైలట్ కారు సైరన్ వేసుకుంటూ రానే వచ్చింది. సెల్లోఫేన్ చుట్టిన బొకేలు, కవర్లో పెట్టిన శాలువాలు, వేదిక మీద ఒక్కొక్కరి ముందు రెండేసి చిన్న నీళ్ల సీసాలు. ‘అడవిలో చెత్త వేయనని…’ అని ప్రతిజ్ఞ మొదలైంది. సరిగ్గా అప్పుడే బిర్యానీ ప్యాకెట్ల వ్యాను తలుపు తీశారు.

కోతులు ప్రతిజ్ఞ అయ్యేదాకా ఆగలేదు. వాటికి మర్యాద ఎవరు నేర్పారు గనక! నాలుగు వ్యాను మీద పడ్డాయి. రెండు బొకేలు విప్పి చూసి, తినేదేం లేదని తెలిసి పారేశాయి. ఒక గండుకోతి మాత్రం పులి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, వాసన చూసి, తోక పట్టుకుని లాగింది. తోక ఊడి వచ్చింది. పులి ‘అమ్మో’ అని వేదికెక్కి ముఖ్య అతిథి వెనక దాక్కుంది. అతిథి సామాన్యుడా? తొణకలేదు. ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి, చిరునవ్వుతో, కోతికి అరటిపండు అందించాడు. వెనకాల ‘వన్యప్రాణులకు ఆహారం వేయరాదు’ అన్న బోర్డు. మర్నాడు పేపర్లో నాలుగు కాలాల ఫొటో: ‘మూగజీవాలపై మమకారం’. ప్రచారం దిగ్విజయం.

పిల్లలకు బిర్యానీ దక్కలేదు.

ఇంతకీ అవగాహన ఎవరికి లేదని ఈ తంతు? కేబీఆర్ పార్కులో (1998 నుంచి అదీ జాతీయ ఉద్యానవనమే, జూబ్లీహిల్స్ వారి పెరడు కాదు) నెమలి కూతకు పోటీగా ఫోన్ స్పీకర్లో ప్రవచనం పెట్టుకుని నడిచే పెద్దమనిషికి చదువు తక్కువా? పాతిక లక్షల కారులోంచి అద్దం దించి చిప్స్ ప్యాకెట్ విసిరేవాడికి బోర్డు చదవడం రాదా? మల్లెలతీర్థం జలపాతం దగ్గర బీరు తాగి, సీసాను రాయికేసి పగలగొట్టి ఈలలు వేసేవాడికి గాజుపెంకు గుచ్చుకుంటుందని తెలియదా? తెలుసు. గుచ్చుకునేది తన కాలికి కాదనీ తెలుసు. దార్లో బండి ఆపి కోతులకు పళ్లు పంచే పుణ్యాత్ములొకరు. పిల్లని పొట్టకు కరుచుకున్న తల్లికోతి అడవి మానేసి తారు రోడ్డు మీద కూర్చునేది మీ పుణ్యం వల్లే. మీరిచ్చిన పండు తినేలోపు వెనకొచ్చే బండి దాని మీంచి పోతుంది. దాన్ని దానం అనకండి. ఎర అనండి.

అభయారణ్యంలో చెత్త వేయకూడదనీ, జంతువుల జోలికి పోకూడదనీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్‌లో రాసే ఉంది. అది పట్నం బండ్లకు వర్తించదు కాబోలు. చట్టం చెంచులకు. పులికి ప్రశాంతత కావాలి, మీ పెంట (చెంచుల గూడేన్ని అలాగే అంటారు) ఖాళీ చెయ్యండి, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఉంది, స్వచ్ఛందంగానే సుమా, అని వాళ్లకు నచ్చజెబుతారు. తరతరాలుగా అక్కడే తేనె తీసి, గడ్డలు తవ్వుకుని బతికినవాడి వల్ల పులికి నిద్ర చెడుతుంది. వారాంతానికి బారులు కట్టే కార్ల వల్ల, ట్రంకులోంచి మోగే డీజే వల్ల చెడదు! ఒకడికి ఊరు ఖాళీ చేయించడం, ఇంకొకడికి బుజ్జగింపు, బొమ్మపులి, జింగిల్. సిగ్గుండాలి మనకి.

అదే శ్రీశైలం దార్లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు. దానికి మస్కట్ లేదు, హ్యాష్‌ట్యాగ్ లేదు, ప్రతిజ్ఞ లేదు. ఒక అడ్డుకర్ర, ఒక గార్డు. ఎంత పెద్ద బండైనా ఆగుతుంది. తమిళనాడులో నీలగిరుల్లో మద్యం సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిచ్చేస్తున్నారు. పది రూపాయలకు ఆశపడి సీసా పగలగొట్టకుండా దాచుకునే జాతి మనది, ఇందులో దాపరికమేముంది? మన్ననూరులో లోపలికి పోయే సీసాలు, ప్యాకెట్లు లెక్కరాసి డిపాజిట్ కట్టించుకోండి. అడవికి అవతలి కొసన దోమలపెంటలో చూపించి వెనక్కి తీసుకోమనండి. చూపించనివాడి డబ్బు, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బు కలిపి, రోడ్డు పొడవునా ఆ చెత్త ఏరుతున్న వాళ్ల కూలికి వేయండి.

మొహాలు వేయించుకునే పెద్దలకు ఈ పద్ధతి నచ్చదని తెలుసు. అడ్డుకర్ర మీద ఫొటో పట్టదు.