పిన్నీసు మీరే తెచ్చుకోండి

రాత్రి పార్టీలకు వెళితే రేప్ జరగొచ్చు, గ్యాంగ్ రేప్ కూడా జరగొచ్చు. 2025 ఆగస్టులో అహ్మదాబాద్ రోడ్ల మీద వెలసిన పోస్టర్లలో ఉన్నది ఈ హితవే. వాటి మీద ట్రాఫిక్ పోలీసుల పేరుంది. గొడవయ్యాక పీకేశారు. ట్రాఫిక్ అవగాహన కోసమని ఒక స్వచ్ఛంద సంస్థ అనుమతి తీసుకుందని, ఇవి మాత్రం తమకు చూపించలేదని పోలీసులు చేతులు దులుపుకున్నారు. పోస్టర్లయితే పోయాయి. అందులో ఉన్న మాట పోలేదు. మీ సంగతి మీరే చూసుకోండి అన్న మాట అది. గుజరాత్ వాళ్లని అనేదేముంది, అదే మాట మన గడప దగ్గరా ఎప్పటి నుంచో ఉంది.

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాద్ శివార్లలోని తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన సంగతి పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. కూతురు కనిపించడం లేదని పరుగెత్తుకెళ్లిన కుటుంబానికి ఇది మా పరిధి కాదన్న జవాబు వచ్చింది. కేసు నమోదులో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ వారంలోనే అప్పటి తెలంగాణ హోంమంత్రి, ఆమె చెల్లెలికి కాకుండా 100కి ఫోన్ చేసి ఉంటే బాగుండేదన్నారు. పోలీసులు మహిళల కోసం 14 సూచనల జాబితా విడుదల చేశారు. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, లొకేషన్ షేర్ చేయండి, వెలుతురున్న చోట నిలబడండి... ఇలా. పరిధి కాదని తిప్పి పంపినవాళ్లు ఏం చేయాలో ఆ జాబితాలో లేదు.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరును చంపేశారు. ఆమె పార్టీకి వెళ్లలేదు, చీకటి సందులో నిలబడలేదు. తను పనిచేసే ఆసుపత్రిలోనే ఉంది. బెంగాల్ ప్రభుత్వం కనిపెట్టిన పరిష్కారం ఏమిటంటే, వీలైనంతవరకు ఆడవాళ్లకు నైట్ డ్యూటీలు వేయొద్దని. భద్రత కల్పించడం మీ పని, రాత్రి పని చేయొద్దని ఎలా అంటారని సుప్రీంకోర్టు గడ్డి పెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్, కోల్‌కతా, అహ్మదాబాద్. మూడు ప్రభుత్వాలు, మూడు పార్టీలు. మాట మాత్రం ఒక్కటే: మీరే చూసుకోండి.

జాగ్రత్త చెబితే తప్పా, ఇళ్లలో అమ్మానాన్నలు చెప్పరా అని అడిగేవాళ్లున్నారు. చెబుతారు. అమ్మ చేతిలో లాఠీ లేదు, జీపు లేదు, ఆమె మాటకు ఏ స్టేషనూ కదలదు, కాబట్టి చెబుతుంది. అవన్నీ ఉన్నవాళ్లు, అందుకే జీతం తీసుకుంటున్నవాళ్లు అదే మాట చెబితే అది జాగ్రత్త కాదు, తప్పించుకోవడం.

ఆత్మరక్షణ నేర్పడం మీద ఈ పత్రికకు ఏ అభ్యంతరమూ లేదు. సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి పేరుతో ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు. మంచిదే. మెడ మీద చెయ్యి వేస్తే విడిపించుకోవడం, గట్టిగా అరవడం తెలిసిన పిల్ల తెలియని పిల్ల కంటే ధైర్యంగా నడుస్తుంది. కానీ ఆ ముగింపు కార్యక్రమం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. ఎండలో తెల్ల డ్రెస్సులతో వరస కట్టిన పిల్లలు, గంటన్నర ఆలస్యంగా దిగే ముఖ్య అతిథి, రెండు పెంకులు పగలగొట్టడం, చప్పట్లు, గ్రూప్ ఫొటో. ఫొటో అయిపోయాక అదే పిల్లల్లో ఒకమ్మాయి బాత్రూంకి వెళితే ఇంకో అమ్మాయి బయట నిలబడి తలుపు పట్టుకుంటుంది. లోపల గడియ లేదు మరి.

ఆ మాటకొస్తే ఆత్మరక్షణ మన ఆడవాళ్లకు కొత్తా? ఆర్టీసీ బస్సు కిక్కిరిస్తే చీర పిన్నీసు తీసి వేళ్ల మధ్య పట్టుకోవడం మన అమ్మలకు ఏ కరాటే మాస్టారూ నేర్పలేదు. 2019 ఘటన తర్వాత హైదరాబాద్ మెట్రో పెప్పర్ స్ప్రే తెచ్చుకోవచ్చంది. పిన్నీసు కాస్తా స్ప్రే అయింది. కొనుక్కోవాల్సిందీ, మర్చిపోకుండా బ్యాగులో వేసుకోవాల్సిందీ ఆమే.

అసలు చట్టం ఏం చెబుతోందో ఈ శిబిరాల్లో ఎవరైనా చెబుతున్నారా? పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి నుంచి తప్పించుకోవడానికి తిరగబడినప్పుడు, దాడి చేసినవాడి ప్రాణం పోయినా అది నేరం కాదని 38 అంటుంది. అయితే 37లో ఒక మెలిక ఉంది. అధికారుల రక్షణ కోరే సమయం ఉంటే ఈ హక్కు లేదు. అంటే చట్టం దృష్టిలో మొదట రావాల్సింది పోలీసు. వాళ్లు అందుకోలేని ఆ కాసేపటికే ఆమె చెయ్యి. మన ఏలినవారు ఈ వరసనే తిరగేశారు. ముందు నువ్వు తన్ను, ఆ తర్వాత మేం వస్తాం, అదీ మా పరిధి అయితే.

పైగా ఈ తన్నులన్నీ వీధిలో ఎదురయ్యే ముక్కూమొహం తెలియనివాడి కోసం. 2022లో దేశంలో మహిళల మీద నేరాల కింద నమోదైన కేసులు 4,45,256. అందులో 31.4 శాతం భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానివి. అన్నం పెట్టాల్సిన ఇంట్లో, పిల్లలు పక్కనే పడుకున్న గదిలో ఏ కరాటే పట్టు పనికొస్తుంది? అక్కడ ఆమెకు కావాల్సింది ఫిర్యాదు రాసుకునే ఎస్సై. సర్దుకుపొమ్మా అని కౌన్సెలింగ్ చేసి పంపేవాడు కాదు.

యాప్‌ల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబరులో 21 రోజుల్లో తీర్పంటూ, ఆ హైదరాబాద్ బాధితురాలికి పెట్టిన పేరుతో దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. చట్టం కాని చట్టం పేరు మీద స్టేషన్లు, యాప్ మాత్రం వచ్చాయి. ప్రభుత్వం మారాక స్టేషన్ల పేరు మారింది, 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. బటన్ నొక్కాల్సింది ఎప్పటిలాగే ఆమే. నొక్కాక ఎవరు, ఎంతసేపట్లో వస్తారన్నదే ఆమెకు టెన్షన్. యాప్ పేరుతో ఆమెకేం పని? 2014లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలుపెట్టినప్పుడు మఫ్టీలో పోలీసులే బస్టాపుల్లో నిలబడి పోకిరీలను పట్టుకున్నారు. అక్కడ మాత్రం జాగ్రత్త పడాల్సింది ఆమె కాదు, వాడు. అది చేతనైన శాఖకు ఇది చేతకాదా?

అత్యాచారం వంటి నేరంలో ఫిర్యాదు నమోదు చేయని ఉద్యోగికి ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన జైలు శిక్ష. న్యాయ సంహిత సెక్షన్ 199 ఇది. నిర్భయ తర్వాత 2013లోనే పాత చట్టంలో చేర్చారు. ఏ స్టేషనుకు వెళ్లినా పరిధితో పనిలేకుండా కేసు రాసుకోవాలన్నది కూడా ఇప్పుడు చట్టమే. కాబట్టి వచ్చే నెల కరాటే శిబిరానికి ముఖ్య అతిథులుగా వెళ్లే ఎస్పీ గారికి, మంత్రి గారికి ఒక పని. సెక్షన్ 199 కింద మీ జిల్లాలో ఇప్పటిదాకా ఎంతమంది సొంత సిబ్బంది మీద కేసు పెట్టారో ఆ పిల్లల ముందు మైకులో చెప్పండి. సున్నా అయితే సున్నా అనే చెప్పండి. ఆ తర్వాత వాళ్ల చేత పెంకులు పగలగొట్టించండి.