95 శాతం తొండిపై విచారణ కమిషన్ వేయాల్సిందే

దేశంలో బోలెడు సమస్యలున్నాయి, కాదనను. కానీ ఎక్స్‌కామ్ అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్ళకు జరుగుతున్న అన్యాయం మీద ఏ సభలోనూ ఒక్క ప్రశ్నైనా లేవలేదు.

గ్రహాంతరవాసులు భూమి మీద పడతారు. మనవాళ్ళూ వాళ్ళూ వంతులవారీగా కదులుతారు, కాల్చుకుంటారు. కాల్చే ముందు తూటా తగిలే అవకాశం ఎంతో తెర మీద శాతంలో కనిపిస్తుంది. నిన్న రాత్రి మా బావమరిది పేరు పెట్టుకున్న సైనికుడు సెక్టాయిడ్ అనే ఓ గ్రహాంతరవాసికి దిష్టిచుక్క పెట్టగలిగేంత దగ్గర్లో నిలబడ్డాడు. 95 శాతం. తూటా ఆకాశంలోకి పోయింది. తర్వాతి వంతులో బావమరిది అమరుల గోడెక్కాడు. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

లెక్కల మాస్టార్లు వెంటనే లేస్తారు: 95 అంటే 20 సార్లకు ఒకటి పోతుందనేగా, 20 తూటాలు పేలిస్తే కనీసం ఒకటైనా గురి తప్పే అవకాశం 64 శాతం కదా అని. అయ్యా, మేం అడిగింది లెక్కలు కాదు, న్యాయం. ఇంటర్‌లో 95 శాతం తెచ్చుకున్నవాణ్ణి తప్పాడంటామా?

పోనీ, ఆటను మధ్యలో దాచుకున్న పాత సేవ్ తెరిచి మళ్ళీ కాల్చుదామా? 2012లో ఫిరాక్సిస్ కంపెనీ తెచ్చిన ఎక్స్‌కామ్‌లో పాచికలు ముందే వేసి సేవ్‌లోనే దాచేశారు. అదే చోటి నుంచి అదే తూటా మళ్ళీ అదే ఆకాశంలోకి పోతుంది. బ్రహ్మరాత కూడా ఇంత కచ్చితంగా ఉండదు.

తొండి మాత్రం నిజంగానే ఉంది. 2016 నాటి ఎక్స్‌కామ్ 2లో తేలిక స్థాయిల్లో తెర మీది అంకె కంటే అసలు అవకాశం ఎక్కువ. వరుసగా గురి తప్పితే ఇంకాస్త కలుపుతారు. అంటే తొండి ఆడింది మన తరఫునే! ఇంతకంటే అవమానం ఉంటుందా? కమిషన్‌కు ఇచ్చే అర్జీలో ఈ పేరా ఉండదు.

మన తప్పూ కొంత ఉందనుకోండి. 1994లో జూలియన్ గాలప్ చేసిన తొలి ఎక్స్‌కామ్‌లో ఒక లోపం వల్ల ఏ కష్టం స్థాయి ఎంచుకున్నా చివరికి అతి తేలిక స్థాయికే జారిపోయేది. అది తెలియని వీరులు ‘ఇదేం కష్టం’ అని మూతి విరిచారు. మరుసటి ఏడాది దాని తరువాయి ఆట ‘టెర్రర్ ఫ్రమ్ ద డీప్’ను సముద్రం అడుగున పెట్టి మరీ చావగొట్టారు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ఎక్స్‌కామ్ 2 కథ ఎక్కడ మొదలవుతుందో చూశారా? 2012 నాటి ఆటలో మనుషులు ఓడిపోయి 20 ఏళ్ళయిందట! నేను గెలిచాను, సేవ్ ఫైల్ ఇంకా ఉంది. ఒక్కసారి అడగొచ్చుగా.